కాలు తీశావా?

వ్‌ర్షిచ్ కనుమ దిగుతుంటే
మలుపు మలుపుకీ ఒక పలక, పలక మీద అంకె.
ముప్పై ఒకటి దగ్గర పట్టుకుంది వాసన.
మాడిన అట్ట వాసన మొదట,
తర్వాత ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన ఉన్ని వాసన.
అటు లోయా ఇటు కొండా అని లేదు,
బండి ఎడమకే ఈడుస్తోంది.
నా కాలు బ్రేకు మీద లేదు.
నాకు దడ పుట్టిందే అందుకు.

"కాలు తీశావా?" అంది దరింక.
"తీశాను."
"తీశావా?"
"తీశానంటున్నాగా!"
టోల్మిన్ బస్సు డిపోలో ముప్పై ఏళ్లు చేసింది మా అక్క.
డ్రైవరు మాట నమ్మదు,
చక్రాన్నే అడుగుతుంది.

రాయి అడ్డం పెట్టి దిగాం.
చెయ్యి ఆనించలేదు, జానెడు దూరంలో ఆపింది,
నిద్రపోయే పిల్ల జ్వరం చూడబోయినట్టు.
వెనక రెండూ గోరువెచ్చన.
కుడి ముందుది వేడే గానీ, దిగుడుకి తగ్గ వేడి.
ఎడమ ముందుదాని మీద ఉమ్మేసింది.
చుయ్ మంది.

తేనెటీగల ఓజ్‌బోల్ట్ దగ్గర ఈ వ్యాను కొన్న రోజే
బ్రేకులు చూపించుకోమని చెప్పిందట.
నాకు గుర్తు లేదు.
నాకు గుర్తున్నది అలమరలో మైనం వాసన.
ఇప్పటికీ పరుపు దులిపితే
ఎండిన ఈగొకటి రాలుతుంది.

చల్లారేదాకా గట్టు మీద కూర్చున్నాం.
రొట్టె తిన్నాం. కింద సోచా నది
తనకేం పట్టనట్టు పచ్చగా పోతోంది.
నాన్న అకార్డియన్ ఎవరికన్న గొడవకి
పదకొండేళ్లు. అప్పట్నించీ మా మధ్య మాటలు
ఉప్పు అందుకో, తలుపు వెయ్యి. అంతే.

జాకీ ఎత్తి చక్రం తిప్పింది. తిరిగింది.
"నొక్కు." నొక్కాను.
"వదులు." వదిలాను.
ఈసారి తిరగలేదు.
"దొరికాడు," అంది, "కానీ ముగ్గుర్లో ఎవడు?"

కాలిపర్ మీది చిన్న నట్టు పావు చుట్టు విప్పింది.
పాత తేనె రంగు నూనె
చివ్వున చిమ్మి ఆమె మణికట్టు తడిపింది.
చక్రం వదులైంది.
పిస్టన్ దోషం కాదన్నమాట.
మళ్లీ నొక్కించింది, మళ్లీ బిగుసుకుంది.
ఈసారి పైన, ఇనప పైపు రబ్బరు గొట్టంలో కలిసే చోట
విప్పి చూసింది. బొట్టు కారింది, చక్రం కదల్లేదు.
మాస్టర్ సిలిండరూ కాదు.

గొట్టం ఊడదీసి నా ఒళ్లో పడేసింది.
పైన పటారం. పగులు లేదు, ఉబ్బు లేదు,
తయారీ ఏడాది అంకెలు కూడా చెక్కుచెదరలేదు.
నోట పెట్టి ఊదబోయి ఊరుకుని
సన్న తీగ దూర్చి చూశాను.
ఒక వైపు నించి పోయింది.
రెండో వైపు నించి
లోపల ఊడి వేలాడే పొర
అడ్డం పడింది.
కాలు తొక్కినంత బలమూ లోపలికి రానిస్తుంది,
తీసిన సంగతి మాత్రం చక్రానికి చేరనివ్వదు.

"ఇక బోవెత్స్ దాకా ఫోను చెయ్యాలి," అన్నాను.
దరింక తన సంచీ గుడ్డలన్నీ రోడ్డు మీద కుమ్మరించి
అడుగునించి ఒక పొట్లం తీసింది.
రెండు కొత్త గొట్టాలు, ఒక సీసా నూనె.
బిల్లు రంగు వెలిసింది. మూడేళ్ల కిందటి మే నెల.
"అడుగుతావేమో అనుకున్నా," అంది
స్పానర్ వైపు చూస్తూ.

తర్వాత గంటన్నర
నేను పెడలు మీద, ఆమె బండి కింద.
మొహం కనపడదు, గొంతే.
నొక్కు. పట్టుకో. వదులు.
నొక్కు. పట్టుకో,
ఏయ్, పట్టుకోమన్నానా!
సీసాలో బుడగలు తగ్గుతున్నాయట.
నాకేం తెలుసు, నా పాదం కిందే
మెత్తటిది మెల్లగా గట్టిపడింది.

ముప్పై రెండో మలుపులో నొక్కాను, తీశాను.
బండి తిన్నగా పోయింది.
ముప్పై మూడు. ముప్పై నాలుగు.
పక్క సీట్లో మా అక్క
కిటికీ బయటికి చూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది,
కుడికాలు మాత్రం
లేని పెడలు మీద
అలాగే నొక్కి పెట్టి.